బిలద్వారం దగ్గర: చూడని లోపలికి పేరు పెట్టడంలోని బాధ్యత

తెనాలి, బాపట్ల, రేపల్లెల నడుమ ఉన్న నేలలో సహజమైన గుహ లేదు. కృష్ణానది తెచ్చి పోసిన ఒండ్రుమట్టి, సముద్రం వెనుకకు జరుగుతూ విడిచిన ఇసుక మేటలు కలిసి ఏర్పడిన ప్రాంతమిది. గుహకు రాయి కావాలి. ఇక్కడ రాయి లేదు. ఈ ప్రాంతానికి దగ్గరలో చెప్పుకోదగిన గుహలు ఉండవల్లివి. అవి మనిషి ఉలితో కొండను తొలిచి చేసినవి గనుక వాటి లోతెంతో, అరలెన్నో తొలిచినవాడికి ముందే తెలుసు. అందువల్ల ఈ ప్రాంతపు మనిషికి గుహ అనేది అనుభవంలో నుంచి కాక కథలో నుంచి, పురాణంలో నుంచి వచ్చిన మాట.

గుహలు లేకపోయినా నేలలోని రంధ్రాలకు ఇక్కడి భాషలో పేర్ల కొరత లేదు. పొలం గట్టున ఎలుక చేసుకున్నది కలుగు. కాలువ ఒడ్డున పీత దూరేది బొరియ. చెట్టు మొదలులో పడినది తొర్ర. గోడకు దొంగ వేసేది కన్నం. ఎండిన ఏటి ఇసుకలో నీటి కోసం చేత్తో తవ్వుకున్నది చెలమ. బాపట్ల వైపు ఇసుక నేలల్లో తోటలు తడపడానికి తవ్వేది దొరువు. పెరట్లో ఉన్నది నుయ్యి, ఊరి చివర ఉన్నది గుంట, ధాన్యం దాచేది పాతర. ఈ పేర్లను ఒకచోట చేర్చి చూస్తే ఒక సంగతి తేటపడుతుంది. ఇవి ఆకారాన్ని బట్టి పెట్టినవి కావు. దానిని ఎవరు చేశారు, లోపల ఎవరుంటారు, అందులో నుంచి ఏమి వస్తుంది అనే ప్రశ్నలకు సమాధానాలివి. చెలమకూ గుంటకూ ఆకారంలో పెద్ద భేదం లేకపోవచ్చు. చెలమలో ఊట ఉంటుందని తవ్వినవాడికి తెలుసు. పేరు పెట్టినవాడు లోపలి సంగతి ఎరిగినవాడు.

గత రెండు దశాబ్దాలుగా శాస్త్రజ్ఞులు చంద్రుడి మీద, అంగారకుడి మీద ఉన్న గుంటలను, గుహాముఖాలని అనుమానించదగిన స్థలాలను గుర్తించి పట్టికలు కడుతున్నారు. వారి పరిస్థితి ఇందుకు పూర్తిగా వ్యతిరేకమైనది. వారిలో ఒక్కరూ ఆ లోపలికి వెళ్లలేదు. కక్ష్యలో తిరిగే ఉపగ్రహం తీసిన చిత్రంలో ఒక నల్లని మచ్చ, దాని అంచు, రాత్రింబవళ్ల ఉష్ణోగ్రత మాత్రమే వారి చేతిలో ఉన్నవి. వాటితోనే ఇది గుంట, ఇది కూపం, ఇది గుహాముఖం అని వర్గీకరించవలసి ఉంది. లోపల చూడనివాడు ద్వారాన్ని చూసి లోపలి స్వభావానికి పేరు పెట్టవచ్చునా? పెట్టక తప్పకపోతే ఆ పేరుకు అతడు ఎంతవరకు జవాబుదారీ? సాధారణంగా ఇది ప్రమాణశాస్త్రానికి చెందిన ప్రశ్నగా, అనగా జ్ఞానం ఎంతవరకు చెల్లుతుందన్న ప్రశ్నగా కనిపిస్తుంది. ఇది అంతకంటె ముందుగా నైతిక ప్రశ్న అని చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

మండువా, నుయ్యి

వర్గీకరణలోని చిక్కును డెల్టా గ్రామంలోని పాత ఇంటితో చెప్పుకోవచ్చు. మండువా లోగిలిని ఆకాశం నుంచి చూసినట్లు ఊహించుకుందాం. పెంకుల కప్పు నడుమ చతురస్రంగా ఒక ఖాళీ, ఆ ఖాళీలో నీడ. ఆ ఇంటి పెరట్లోనే నుయ్యి ఉన్నది. పైనుంచి చూస్తే అదీ నిటారు అంచులతో ఒక నల్లని ఖాళీయే. కాని మండువా చుట్టూ కప్పు కింద వసారాలున్నాయి, గదులున్నాయి, మనుషులున్నారు. నూతి చుట్టూ ఉన్నది మట్టి. రెండింటికీ భేదమంతా కప్పు కింద ఉన్నది. పైనుంచి చూసేవాడికి కనిపించనిదీ అదే.

చంద్రుడి మీద ఉన్న చిక్కు సరిగా ఇదే. 2009లో జపాన్ వారి కగుయా ఉపగ్రహ చిత్రాలలో మారియస్ కొండల ప్రాంతంలో ఒక నిటారు రంధ్రం కనబడింది. ఒకప్పుడు లావా ప్రవహించిన చోట పైభాగం గట్టిపడి, లోపలి ద్రవం ముందుకు సాగిపోతే, మిగిలేది ఒక పొడవాటి సొరంగం. ఆ సొరంగపు కప్పు ఒకచోట కూలితే ఏర్పడేది ఇటువంటి రంధ్రం. ఈ వివరణ నిజమైతే అది మండువా, కాకపోతే నుయ్యి. తరువాత అమెరికా వారి లూనార్ రికనైసన్స్ ఆర్బిటర్ పక్కవాటుగా తీసిన చిత్రాలలో కొన్ని గుంటల అడుగుభాగం కప్పు కిందికి కొంత సాగి ఉన్నట్లు కనిపించింది. ఎంత దూరం సాగిందన్నది ఆ చిత్రాలు చెప్పలేవు. 2014 నాటికి చంద్రుడి మీద ఇటువంటి గుంటలు రెండువందలకు పైగా లెక్కకు వచ్చాయి. వాటిలో అత్యధికం లావా సొరంగాల మీద లేవు. ఉల్కాఘాతానికి కరిగి మళ్లీ గడ్డకట్టిన రాతిలో ఉన్నాయి. పైకి ఒకే రూపం, పుట్టుక మాత్రం వేరు.

చంద్రయాన్-1 కెమెరా పంపిన చిత్రాలను పరిశీలించిన అహ్మదాబాదు అంతరిక్ష అనువర్తన కేంద్రం వారు 2011లో, తుఫానుల మహాసముద్రమని పిలిచే చంద్రతలంపై, సుమారు 1.7 కిలోమీటర్ల పొడవున కప్పు కూలకుండా మిగిలిన లావా సొరంగం ఉన్నదని ప్రతిపాదించారు. వారి అనుమానం వేరే దారిన నడిచింది. కప్పు కూలిపోయిన లావా కాలువ ఒకటి మధ్యలో కనుమరుగై, కొంత దూరం తరువాత మళ్లీ అదే వరుసలో కనిపించింది. నడుమ ఉన్న భాగం కప్పు కింద సాగుతూ ఉండాలి అన్నారు. రైలు ఒక గుట్టలోకి పోయి అవతల వెలువడితే నడుమ సొరంగమున్నదని అనుకోవడం వంటిది ఈ తర్కం. నా దృష్టిలో ఒక నల్లమచ్చను చూసి చేసే అనుమానం కంటె ఇది గట్టిది. రెండు వైపుల నుంచి సాక్ష్యమున్నది గనుక.

చీకటి సాక్ష్యమా?

అంగారకుడి కథ మరింత పాఠం చెబుతుంది. 2007లో ఆర్సియా అగ్నిపర్వతం వాలు మీద ఏడు నల్లని రంధ్రాలను పరిశోధకులు ప్రకటించారు. వాటికి తమకు ఇష్టమైన వారి పేర్లు పెట్టుకున్నారు: దేనా, క్లోయీ, వెండీ, ఆనీ, ఆబీ, నికీ, జీన్. ఏడుగురు అక్కచెల్లెళ్లన్న మాట వెంటనే ప్రచారమైంది. మన గ్రామదేవతలు కూడ ఏడుగురు అక్కచెల్లెళ్లే గనుక ఈ సంఖ్య తెలుగువారికి వింతగా తోచదు.

ఆ రంధ్రాలు గుహాముఖాలు కావచ్చునని అనడానికి ఆధారం ఉష్ణోగ్రత. పగలు అవి చుట్టుపక్కల నేలకంటె చల్లగా, రాత్రి చుట్టుపక్కల నేలకంటె వెచ్చగా ఉన్నాయి. ఈ హేతువును డెల్టావాసికి ప్రత్యేకంగా వివరించనక్కరలేదు. ధనుర్మాసపు తెల్లవారుజామున నూతినీళ్లు వెచ్చగా తగులుతాయి, వైశాఖ మధ్యాహ్నం చల్లగా తగులుతాయి. నూతినీరు మారదు, పైలోకం మారుతుంది. అందుకే ఈ ఆధారం లోతును చెప్పగలదు గాని గుహను చెప్పలేదు. నుయ్యి కూడ ఇదే సాక్ష్యమిస్తుంది.

జీన్ అనే రంధ్రాన్ని ఆ ఏడాది మే నెలలో హైరైజ్ కెమెరా తీసింది. వచ్చిన చిత్రంలో కాటుక బొట్టు వంటి నలుపు. గోడ లేదు, అడుగు లేదు. అడుగు లేని గుహ అన్న ఊహకు అది చాలింది. ఆగస్టులో అదే కెమెరా అదే రంధ్రాన్ని మరో కోణం నుంచి తీసింది. పడమటి సూర్యుడి వెలుగు తూర్పు గోడ మీద పడి ఉన్నది. లావా పొరలు కోసినట్లున్న నిటారు గోడ కనబడింది. నీడను బట్టి లోతు కనీసం 178 మీటర్లని లెక్క తేలింది. పక్కకు దారి తీసిన జాడ మాత్రం ఆ చిత్రంలో లేదు. మూడు నెలల్లో ఆ గ్రహం మీద మార్పేమీ రాలేదు. చూసే కోణం మారింది.

మన మీమాంసకులు అనుపలబ్ధిని ఒక ప్రమాణంగా అంగీకరించారు. గదిలో కుండ కనిపించకపోతే కుండ లేదని తెలుస్తుంది. అయితే వారు ఒక షరతు పెట్టారు. ఉంటే కనిపించి తీరవలసిన పరిస్థితిలో కనిపించకపోయినప్పుడే ఆ లేమి ప్రమాణమవుతుంది. చీకటిగదిలో కుండ కనిపించకపోవడం కుండ లేదనడానికి ఆధారం కాదు. మే నెల చిత్రంలో అడుగు కనిపించలేదు. కాని ఉన్నా కనిపించే పరిస్థితి కాదది. అడుగు లేదనడం ఆ షరతును మరచిపోవడమే. ఆగస్టు చిత్రంలో పక్కదారి కనిపించకపోవడానికి కూడ ఇదే షరతు వర్తిస్తుందని మరువరాదు. వెలుగు పడిన గోడ ఒకవైపుది మాత్రమే.

అంగారకుడి గుహల పట్టికను సిద్ధం చేసినవారు ఈ సంగతి బాగా ఎరిగినవారు. అందులో ఉన్న వెయ్యికి పైగా స్థలాలను వారు గుహలనలేదు, అభ్యర్థులన్నారు. పరీక్షకు కూర్చున్నవారే గాని ఉత్తీర్ణులు కారు. ఈ ఒక్క మాటలో ఉన్న నిజాయితీ నాకు ఆ పట్టికలోని కొలతలన్నింటికంటె విలువైనదిగా తోస్తుంది. ఏడింటికీ ప్రీతితో పెట్టిన పేర్ల విషయంలోనూ ఇదే చెప్పాలి. మనిషి పేరు లోపలి స్వభావం గురించి ఏమీ చెప్పదు గనుక ఎవరినీ తప్పుదారి పట్టించదు. వర్గం పేరు అలా కాదు. అది ఏదో తెలుసునని చెబుతుంది.

తెలుగులో ‘బిలం’

అభ్యర్థి అన్న ఆ మాట తెలుగుకు చేరేసరికి జారిపోతుంది. ఇందుకు పత్రికలను మాత్రమే నిందించలేము. మన పారిభాషిక పదాల ఏర్పాటులోనే లోపమున్నది. ఉల్క పడినప్పుడు ఏర్పడే గుండ్రని పల్లాన్ని మనం బిలం అంటున్నాము. అగ్నిపర్వతపు నోటినీ బిలం అంటున్నాము. వెలుతురును కూడ బయటికి రానివ్వని ఖగోళవస్తువును కృష్ణబిలం అంటున్నాము. సంస్కృతంలో బిలమంటే రంధ్రం, కలుగు, గుహ. లోపలికి దారి ఉన్నదన్న అర్థం ఆ మాటలో అంతర్లీనంగా ఉన్నది. ఉల్కాఘాతపు పల్లానికి లోపలికి దారి లేదు. అది పళ్లెం వంటిది. దానిని బిలమన్నప్పుడు లేని లోపలిని ఉన్నదని చెప్పినట్లవుతుంది. ఇక నిజంగా బిలమని పిలవదగిన నిటారు రంధ్రం చంద్రుడి మీద దొరికినప్పుడు దానికి పెట్టడానికి మాట మిగలలేదు. చంద్రుడిపై బిలం గుర్తింపు అన్న శీర్షిక చదివిన పాఠకుడు, చంద్రుడి నిండా ఉన్నవి బిలాలే కదా, ఇందులో విశేషమేమిటని అనుకుంటే తప్పు అతడిది కాదు.

తెనాలిలో పుట్టిన కొడవటిగంటి కుటుంబరావు కథలతో పాటు విజ్ఞానశాస్త్ర విషయాల మీద కూడ విరివిగా వ్యాసాలు రాశారు. అటువంటి రచనకు కావలసింది గంభీరమైన పదం కాదు, తేడా చూపే పదం. ఉల్కాఘాతపు పల్లానికి గర్తం చాలు. దాని అంచు పైకి లేచి ఉంటుంది, చుట్టూ చిమ్మిన మట్టి ఉంటుంది. నేల కిందికి జారడం వల్ల గిన్నె ఆకారంలో ఏర్పడినది కుంగుడుగుంట. లేచిన అంచు, చిమ్మిన మట్టి లేకుండా, కత్తితో కోసినట్లు నిటారు గోడలున్నది నిలువుకూపం. పక్కకు దారి ఉన్నదనడానికి ఏదైనా స్వతంత్రమైన ఆధారం దొరికినప్పుడే బిలద్వారం అనాలి. ఆ దారిలో కొంతైనా చూసినప్పుడు గుహ. ఈ మాటలే స్థిరపడాలన్న పట్టుదల నాకు లేదు. ఎంత తెలిస్తే అంతవరకే పోయే మాట ఒక్కొక్క మెట్టుకూ ఒకటి ఉండాలన్నదే నా వాదం.

రెండు బిలాలు

తెలుగు పాఠకుడికి బిలద్వారం దగ్గర నిలబడిన మనిషి అనగానే గుర్తుకు వచ్చేది కిష్కింధాకాండ. రామాయణాన్ని ప్రశ్నించడం నేర్పిన త్రిపురనేని రామస్వామి చౌదరి సూతాశ్రమం కట్టుకున్నది తెనాలిలోనే. ఆయన శంబూకవధ చదివిన ఊరివారికి ఇతిహాసాన్ని ప్రమాణంగా చూపడం తగదు. నేను దానిని ప్రమాణంగా కాక ఒక వ్యవహారంగా, తీర్పు చెప్పవలసిన కేసుగా తీసుకుంటున్నాను. వాల్మీకి ఆ కాండలో రెండు బిలాలను చూపాడు. రెండింటి దగ్గరా బయట నిలబడినవారు లోపలి గురించి అనుమానం చేస్తారు.

మొదటిది మాయావి దూరిన బిలం. వాలి అతడిని తరుముకుంటూ లోపలికి పోయాడు. సుగ్రీవుడు ఏడాదిపాటు ద్వారం దగ్గర కాచుకున్నాడు. నురుగుతో నెత్తురు బయటికి వచ్చింది. రాక్షసుల అరుపులు వినబడ్డాయి, అన్న గొంతు వినబడలేదు. అన్న మరణించాడని నిశ్చయించుకుని కొండంత బండను ద్వారానికి అడ్డంపెట్టి, అన్నకు ఉదకమిచ్చి కిష్కింధకు వెళ్లాడు. తరువాత వాలి చెప్పినట్లుగా సుగ్రీవుడే రాముడికి విన్నవించిన ప్రకారం, ఆ నెత్తురు రాక్షసుడిది.

ఆంధ్రుడని ప్రసిద్ధుడైన అన్నంభట్టు తర్కసంగ్రహం చదివిన విద్యార్థి ఇక్కడి దోషాన్ని వెంటనే పట్టుకుంటాడు. నెత్తురు అన్న చనిపోయినా వస్తుంది, శత్రువు చనిపోయినా వస్తుంది. సాధ్యం ఉన్నచోటా లేనిచోటా కూడ కనిపించే హేతువు సవ్యభిచారం; అది హేత్వాభాస. గొంతు వినబడకపోవడం ఇంతకు ముందు చెప్పిన అనుపలబ్ధి. బిలం లోతు తెలియనప్పుడు అది కూడ నిలవదు.

రెండవది ఋక్షబిలం. సీతను వెదుకుతూ దప్పికతో తిరుగుతున్న వానరులకు ఒక చీకటి బిలం కనబడింది. అందులో నుంచి హంసలు, బెగ్గురులు, చక్రవాకాలు తడిసిన రెక్కలతో, తామర పుప్పొడి అంటుకుని ఎగిరి వస్తున్నాయి. ద్వారం దగ్గరి చెట్లు పచ్చగా ఉన్నాయి. లోపల నీరుండాలని హనుమంతుడు అన్నాడు. నన్ను ఎక్కువగా ఆకర్షించేది అతడి అనుమానం సరైనది కావడం కాదు. ఆ నీరు బావిదో మడుగుదో అని అతడు తేల్చకుండా వదిలాడు. తడిరెక్క నీటిని చెబుతుంది, నీటి ఆకారాన్ని చెప్పదు. రెండు వేరువేరు హేతువులు ఒకే సంగతి చెబితే అంతవరకు నిశ్చయించి, మిగిలినదానిని వికల్పంగా ఉంచాడు. ఈనాటి పట్టికలో అభ్యర్థి అన్న మాట చేసే పనిని హనుమంతుడి వాక్యంలో ఆ వికల్పం చేసింది.

అయితే ఆ కథ అక్కడితో ముగియదు. లోపల నీరు నిజంగానే ఉన్నది, స్వయంప్రభ ఆతిథ్యమూ దొరికింది. కాని అది తమంతట తాము బయటికి రాగలిగిన చోటు కాదు. ఆమె దయతో బయటపడేసరికి సుగ్రీవుడు పెట్టిన గడువు దాటిపోయింది. వారి అనుమానం తప్పు కాలేదు, అసంపూర్ణమైంది. బిలద్వారం దగ్గర చేసే సరైన అనుమానం కూడ లోపలి ప్రమాదాన్ని తెలపనక్కరలేదు.

మరి సుగ్రీవుడి అపరాధమేమిటి? తర్కదోషమే అపరాధమైతే మనలో నిరపరాధి లేడు. ఏడాది కాచుకున్నవాడిని తొందరపడ్డాడనీ అనలేము. దోషం బండలో ఉన్నదని నా అభిప్రాయం. తన నిశ్చయం తప్పయితే ఆ తప్పు బయటపడే దారినే అతడు మూసివేశాడు. అతడికి భయముండవచ్చు, రాక్షసుడు వెలుపలికి వస్తాడన్న ఆందోళన న్యాయమే కావచ్చు. అయినా లోపల బ్రతికి ఉన్నవాడికి తాను బ్రతికి ఉన్నానని చెప్పుకునే అవకాశం లేకుండా చేసిన పని అది. అజ్ఞానం నుంచి చేసిన నిశ్చయం క్షమార్హం. దిద్దుబాటుకు వీలు లేకుండా చేసిన నిశ్చయం అంత సులువుగా క్షమార్హం కాదు.

దిబ్బ అన్నారు

ఈ భేదం కథకు మాత్రమే చెందినది కాదు. తెనాలి నుంచి రేపల్లె పోయే రైలు వేమూరు దాటిన తరువాత భట్టిప్రోలులో ఆగుతుంది. అక్కడి మట్టిగుట్టలను పంతొమ్మిదవ శతాబ్దంలో జనం దిబ్బలన్నారు. ఒకదానికి విక్రమార్క కోట దిబ్బ అని పేరు. చూసినవారికి అది దిబ్బే. కూలిన కోట మీద పేరుకున్న మట్టి. దిబ్బ తవ్వుకోవలసినది. అందులోని ఇటుకలు, పాలరాతి పలకలు రోడ్డు పనులకు, కాలువ పనులకు తరలిపోయాయి. 1870 నుంచి దొరల దృష్టి వాటి మీద పడింది. 1892లో అలెగ్జాండర్ రీ శాస్త్రీయంగా తవ్వినప్పుడు స్తూపం నడుమ నిలువుగా దిగిన కూపంలో మూడు రాతి పేటికలు, వాటిలో స్ఫటికపు భరిణెలు, ధాతువులు బయటపడ్డాయి. పేటికల మీది అక్షరాలను బ్యూలర్ చదివాడు. దక్షిణదేశపు లిపి చరిత్రలో భట్టిప్రోలుకు ఒక ప్రత్యేకస్థానం ఏర్పడింది. రేపల్లె మనిషికి తెలిసిన నేలలో, పక్క పొలం దూరంలో, లోపల ఏమున్నదో తెలియని ఒక నిలువుకూపం రెండువేల ఏళ్లకు పైగా ఉన్నది. పైపేరు దిబ్బ. ఆ పేరు పెట్టినవారిది తప్పు కాదు. ఇటుకలు తరలించడం మాత్రం వెనక్కు తీసుకోలేనిది అయింది. మిగిలినది మనకు దొరికింది. పోయినదానిలో ఏమున్నదో అడగడానికి కూడ ఆధారం లేదు.

దీనికి పక్కన నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలోని బేలం గుహలను పెట్టి చూడాలి. ఆ పేరు బిలం నుంచి వచ్చినదేనని చెబుతారు. అక్కడ కొండ లేదు. చదునైన పొలాల నడుమ బావుల్లాంటి మూడు గోతులు, మధ్యదానిలో నుంచి లోపలికి దారి. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ వాటిని పేర్కొన్నాడు. 1982, 83 సంవత్సరాలలో డేనియల్ గెబావర్ నాయకత్వాన జర్మన్ బృందం లోపల నడిచి కొలిచింది. ఈనాటి లెక్క ప్రకారం పొడవు 3,229 మీటర్లు. ఉపగ్రహచిత్రంలో బేలం మూడు చుక్కలకంటె ఎక్కువ కాదు. గ్రహాంతర గుంటల పట్టిక కట్టేవారు ఈ మూడు చుక్కలను ఒకసారి చూడాలి. లావా కాక నీరు సున్నపురాతిని కరిగించి చేసిన గుహకు కూడ ద్వారం అదే రూపంలో ఉంటుంది.

పర్యాటకస్థలంగా 2002లో తెరవడానికి ముందు చాలాకాలం ఆ గోతులలో చుట్టుపక్కల చెత్త వేసేవారు. గొయ్యి అని పేరు పెట్టుకున్నచోట చెత్త వేయడం ఎక్కడైనా జరిగేదే. ఆ చెత్తను ఎత్తివేశారు, గుహ మిగిలింది. తప్పుడు పేరు రెండుచోట్లా ఉన్నది. ఒకచోట దాని ఫలితాన్ని తుడిచివేయగలిగాము, మరొకచోట తుడిచివేయలేము. బేలంలో వేసినది చెత్త, భట్టిప్రోలులో వేసినది బండ.

దప్పిక ఎవరిది?

ఇంత జాగ్రత్త అవసరమా అన్న ఆక్షేపణ న్యాయమైనదే. దప్పికతో ఉన్న వానరులు తర్కం చెప్పుకుంటూ ద్వారం దగ్గర కూర్చుంటే చనిపోయేవారు. చంద్రుడి మీద మనిషి నివసించాలంటే కిరణాల నుంచి, సూక్ష్మోల్కల నుంచి, పగలు కాల్చి రాత్రి గడ్డకట్టించే వాతావరణం లేని ఆకాశం నుంచి రక్షణ కావాలి. ప్రశాంతసముద్రమని పిలిచే ప్రాంతంలోని గుంటలో నీడపడిన భాగం ఎప్పుడూ దాదాపు 17 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుందని 2022లో లెక్కించారు. ఇంతకంటె మంచి ఆశ్రయం చంద్రుడి మీద దొరకదు. దానిని గుహ అని, ఆశ్రయమని ముందుగా పిలవకపోతే అక్కడికి పోవడానికి డబ్బు ఎవరిస్తారు?

ఈ వాదంలో బలమున్నది. అయితే ఆశ్రయమన్న మాట గుంటను వర్ణించడం మాని మన అవసరాన్ని వర్ణిస్తున్నదని గమనించాలి. దొరువుకు, పాతరకు కూడ ప్రయోజనాన్ని బట్టి పేర్లు పెట్టామని ఎవరైనా అనవచ్చు. నిజమే. దొరువును తవ్వినవాడే దానికి పేరు పెట్టాడు. తవ్వనివాడు, చూడనివాడు ప్రయోజనం పేరు పెడితే అది పేరు కాదు, దరఖాస్తు. 1967 నాటి అంతరిక్ష ఒప్పందం ఏ దేశమూ ఖగోళస్థలాన్ని తన సొంతమని ప్రకటించరాదన్నది. పేరు ద్వారా జరిగే ముందస్తు స్వాధీనం గురించి ఏ ఒప్పందమూ చెప్పదు.

చంద్రుడినీ అంగారకుడినీ ఈ విషయంలో ఒకే గాటన కట్టలేము. చంద్రుడి గుంటలో బ్రతికి ఉన్న వాలి ఉంటాడన్న సందేహం లేదు. అక్కడ పోగొట్టుకోగలిగినది ప్రధానంగా రాతిలోని చరిత్ర. అది కూడ భట్టిప్రోలు ఇటుకల వంటిదే, కాని జాగ్రత్తతో నమోదు చేసి ముందుకు పోవచ్చు. అంగారకుడి లోతైన చోట్లు అలా కావు. ఆ గ్రహం మీద జీవం ఎప్పుడైనా ఉండి ఉంటే, ఇప్పుడు మిగిలి ఉండటానికి వీలున్న చోట్లలో కిరణాలు చేరని ఆ లోతులు కూడ ఉన్నాయి. అదే ఒప్పందం తొమ్మిదవ అధికరణం ఇతర ఖగోళస్థలాలను హానికరంగా కలుషితం చేయవద్దన్నది. యంత్రాన్ని ఎంత శుభ్రపరచినా దాని మీద భూమి సూక్ష్మజీవులు ఒక్కటీ ఉండవని హామీ ఇవ్వలేము. ఆ జీవులు ఒకసారి లోపల చేరిన తరువాత అక్కడ దొరికేది వారిదో మనదో ఎవరు చెప్పగలరు? అది ద్వారానికి అడ్డం పెట్టే బండ. అందువల్ల అంగారకుడి విషయంలో పక్కదారి ఉన్నదన్న ఆధారం ఎంత బలపడితే లోపలికి పోవడానికి అంత ఆలస్యం చేయాలి. గుహ అని తేలడం ప్రవేశానికి అనుమతి కాదు, నిలిచి ఆలోచించడానికి కారణం. ఇది వింతగా వినిపించవచ్చు, కాని వానరుల దప్పిక మనకు అక్కడ లేదు.

ఇప్పుడు ఈ గుంటలను యంత్రాలే వెదుకుతున్నాయి. నీడ ఆకారం చూసి చిత్రాలను జల్లెడ పట్టే కార్యక్రమాలు వచ్చాయి. వాటికి పాఠం చెప్పింది మనం పెట్టిన పేర్లే. మనం సందేహంతో పెట్టిన పేరును సందేహం లేకుండా నేర్చుకోవడం యంత్రపు స్వభావం. అభ్యర్థి అన్న మాట ఆ వరుసలో ఎక్కడ జారిపోయినా పది చోట్ల గుహ అని అచ్చవుతుంది.

2024లో ఇటలీలోని ట్రెంటో విశ్వవిద్యాలయం వారు, 2010లో తీసిన రాడార్ సమాచారాన్ని మళ్లీ పరిశీలించి, ప్రశాంతసముద్రపు గుంట అడుగు నుంచి పక్కకు దారి ఉన్నదని చూపారు. పధ్నాలుగేళ్లు ఆ సాక్ష్యం దస్త్రంలోనే ఉన్నది. వారు చెప్పినది కొన్ని పదుల మీటర్ల పొడవు గురించి మాత్రమే. రాడార్ తరంగం అంతవరకే పోయింది. తెలుగులో ఒక గ్రహాంతర నిఘంటువు రాయవలసి వస్తే ఆ గుంటకు నేను ఇలా రాస్తాను: “నిలువుకూపం, వెడల్పు సుమారు నూరు మీటర్లు, లోతు నూరు మీటర్లకు పైన, ఒకవైపు బిలద్వారం ఉన్నట్లు రాడార్ ఆధారం, కొన్ని పదుల మీటర్ల వరకు, ఆ తరువాత తెలియదు.” జీన్‌కు: “నిలువుకూపం, లోతు కనీసం 178 మీటర్లు, తూర్పుగోడ చూడబడింది, తక్కిన గోడలు చూడలేదు.”